తెల్లపూల తీగ ఉన్న సందు

పిట్ట పెంచే తేనెటీగలు తేనె పెట్టవు. ఆ మాట చెప్పగానే ఎవరైనా సరే, "మరెందుకవి?" అనేవారు. ఆమె నవ్వి ఊరుకునేది. జవాబు మొదలుపెడితే అరగంట పడుతుంది. అంతసేపు వినే ఓపిక ఆమె మేనత్తకు తప్ప ఎవరికీ లేదు.

అవి గుంపు కట్టవు. వాటికి రాణీ ఉండదు, పట్టూ ఉండదు. ప్రతి తల్లీ ఒంటిగానే బతుకుతుంది. మన వేలికన్నా సన్నటి రెల్లు గొట్టం ఒకటి వెతుక్కుంటుంది. పూలమీద తిరిగి పుప్పొడి తెచ్చి, మకరందంతో తడిపి, బఠాణీ గింజంత ముద్ద చేస్తుంది. ఆ ముద్ద మీద ఒక్క గుడ్డు పెట్టి, మట్టితో గోడ కట్టేస్తుంది. గోడకు ఇవతల మళ్ళీ ఇంకో ముద్ద, ఇంకో గుడ్డు, ఇంకో గోడ. గొట్టం నిండాక వాకిలి కూడా మట్టితో పూసేసి వెళ్ళిపోతుంది. పిల్లల మొహం చూడకుండానే దాని బతుకు అయిపోతుంది.

ఇదంతా మొదటిసారి విన్నరోజు అత్త చేస్తున్న పని ఆపి, "క్యారేజీ సర్ది, తలుపేసి, తిరిగిరాని పనిమీద పోయినట్టుందే," అంది. పిట్ట తల్లి పోయింది పిట్టకు మూడేళ్ళప్పుడు. తండ్రికి ఓడల మీద ఉద్యోగం, వచ్చినప్పుడే వచ్చినట్టు. పెంచిందంతా ఈ అత్తే. చిన్నప్పుడు రెండు మెతుకులు తిని లేచిపోయేదని ఆవిడే పెట్టిన ముద్దుపేరు పిట్ట. ఇప్పుడు నలభై ఒకటి నిండిన ఆ పిట్టకు కళ్ళజోడూ, చెవుల దగ్గర నాలుగు తెల్లవెంట్రుకలూ, పరిశోధనశాల మూడో అంతస్తులో ఒక గదీ ఉన్నాయి.

ఆ గది మీద డాబా. డాబా మీద చెక్క చట్రంలో తొంభై ఆరు రెల్లు గొట్టాలు. పిట్ట వాటిని ముందే నిలువునా చీల్చి, మళ్ళీ జతచేసి, రబ్బరు బ్యాండ్లు వేసి ఉంచేది. వారానికోసారి విప్పి లోపల ఏం జరుగుతోందో చూసి, మళ్ళీ ఎప్పటిలా మూసేది. తల్లి ఈగల వీపుల మీద నీలం రంగు చుక్క పెట్టడం కూడా ఆమె పనే. సూదిమొనతో, ఊపిరి బిగబట్టి పెట్టాలి.

ఆ ఏడు వానలు తొందరగా పట్టుకున్నాయి. గొట్టాల్లోకి తేమ చేరింది, తేమ వెంట బూజు వచ్చింది. ఒక సోమవారం గొట్టం విప్పేసరికి లోపల పిల్లపురుగులు నల్లబడి, గట్టిపడి, బొగ్గుముక్కల్లా ఉన్నాయి. దాని పక్కదీ అంతే. ఆ పక్కదీ. ఇన్నేళ్ళ అనుభవంలో చచ్చిన పురుగులు ఆమెకు కొత్త కాదు. అయినా పట్టకారుతో ఒక్కొక్కటీ తీసి సీసాలో వేస్తూ మాటిమాటికీ ఆగింది. ఒక్కో ముద్ద వెనకా ఒక తల్లి పాతిక ముప్ఫై సార్లు పూలకీ గొట్టానికీ తిరిగిన తిరుగుడు ఆమె కళ్ళారా చూసింది మరి.

ఇరవై రెండో గొట్టం విప్పి ఆగిపోయింది. అందులో బూజు లేదు. ఐదు గదుల్లో ఐదు పిల్లపురుగులూ వెన్నముద్దల్లా, నిగనిగలాడుతూ, తల వంచుకుని తింటున్నాయి. అదే చట్రం, అదే తేమ, అదే వాన. చట్రమంతా వెతికితే అలాంటివి ఇంకో పదకొండు తేలాయి. మిగతా గొట్టాల్లో పుప్పొడి ముద్దలు పసుపుపచ్చగా ఉంటే, ఈ పన్నెండింటిలో పాలిపోయి, ఇంచుమించు తెల్లగా ఉన్నాయి. వాసన కూడా వేరు. కొంచెం పులుపు, కొంచెం తీపి.

పిట్ట ఆ ముద్దలోంచి ఇసుకరేణువంత తీసి గాజు పళ్ళెంలో పరిచి వెచ్చగా ఉంచింది. రెండు రోజులకు పళ్ళెం నిండా ముత్యాల్లాంటి తెల్లటి చుక్కలు లేచాయి. ఒక రకం బాక్టీరియా. ఆ చుక్కల పక్కన బూజు వేసి చూస్తే, బూజు అంత దూరం వచ్చి ఆగిపోతోంది. ఇక మిగిలింది ఆ పుప్పొడి ఎక్కడిదో తేల్చడం. మైక్రోస్కోపులో దాని రేణువు గుండ్రంగా, ఒంటిచుట్టూ చుట్లు చుట్లుగా గాడులతో కనిపించింది. అలాంటి పుప్పొడి ఆమె తన ఉద్యోగంలో చూడలేదు.

ఆ ఫోటో అచ్చు తీసుకుని సాయంత్రం ఇంటికి పట్టుకెళ్ళింది.

"ఇదేంటే, దారం ఉండలా ఉంది?" అంది అత్త. ఆవిడ ముప్ఫై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన మనిషి. ఏది చూసినా ముందు దారమే కనిపిస్తుంది.

"పుప్పొడి అత్తా. ఒక్క రేణువు. ఇది తిన్న పిల్లలే బతికున్నాయి."

"ఏ పువ్వుది?"

"తీగజాతి ఒకటుంది, దానిదని పుస్తకంలో ఉంది. కానీ మా ఆఫీసు చుట్టుపక్కల ఉన్న మొక్కలన్నిటికీ జాబితా ఉంది, అందులో ఈ తీగ లేదు. పువ్వు ఇదిగో, ఇలా ఉంటుంది." పుస్తకం తెరిచి చూపించింది. తెల్లటి ఐదు రేకులు, కింద సన్నటి గొట్టంలాంటి గొంతు, మొగ్గ గుండ్రంగా బొత్తాంలా ఉంది.

అత్త బొమ్మను చాలాసేపు చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. "పాలు పొంగుతున్నాయేమో," అని లేచి వంటింట్లోకి వెళ్ళింది.

పొయ్యి మీద పాలేం లేవు. పిట్ట తన ధ్యాసలో తనుండి అది గమనించలేదు.

మర్నాటినుంచి వెతుకులాట మొదలైంది. ఆ రకం ఈగ గూడు విడిచి మూడొందల మీటర్లు దాటి పోదు. అంటే తీగ ఎక్కడో దగ్గర్లోనే ఉండాలి. పిట్ట పటం మీద పరిశోధనశాల చుట్టూ ఒక గుండ్రం గీసింది. అందులో తొమ్మిది వీధులు, పధ్నాలుగు సందులు వచ్చాయి. రోడ్డు మీంచి కనిపించేవన్నీ జాబితాలో ఉన్నవే. కాబట్టి తీగ ఏ పెరట్లోనో, ఏ బాల్కనీలోనో, ఏ గోడవెనకో ఉంది. తలుపులు తట్టక తప్పదు.

తలుపు తట్టడమంటే పిట్టకు ప్రాణసంకటం. పదిమంది ముందు మాట్లాడమంటే నెలముందునుంచే నిద్రపట్టని మనిషి. అలాంటిది చేతిలో గొడుగు, మెడలో గుర్తింపు కార్డు, సంచిలో పువ్వు బొమ్మ పెట్టుకుని బయల్దేరింది. మొదటి ఇంట్లో పెద్దాయన, "మాకు బీమా ఉందమ్మా," అని తలుపేశాడు. రెండో ఇంటావిడ దోమలమందు కొట్టేవాళ్ళనుకుని, పడకగదిదాకా తీసుకెళ్ళి మంచాల కింద చూపించింది. ఇంకొకాయన బొమ్మ చూసి, "ఉంది, ఉంది, రండి," అని ఉత్సాహంగా మేడ ఎక్కించాడు. తీరా చూస్తే ప్లాస్టిక్ పూలు. "వీటికి నీళ్ళుకూడా అక్కర్లేదు," అన్నాడు గర్వంగా. ఒక పడుచుపిల్ల చంటిబిడ్డను పిట్ట చేతిలో పెట్టి, వెనక పెరట్లో చూసొస్తానని వెళ్ళి, పావుగంట వరకూ రాలేదు. వచ్చి, "లేదండీ. కానీ తలస్నానం చేసొచ్చా, ఏమనుకోకండి. వారమైంది," అంది.

ఏమీ అనుకోలేదు పిట్ట. బిడ్డ ఆమె కార్డు తాడు చప్పరిస్తూ హాయిగా ఉంది.

పది రోజులు గడిచాయి. రోజూ సాయంత్రం తడిసిన చెప్పులతో ఇంటికొచ్చేసరికి అత్త తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "దొరికిందా?" అనేది. "లేదత్తా," అంటే, ఇంకేమీ అడక్కుండా తనే తల తుడిచేది. మామూలుగా అయితే ఆవిడ సూటిపోటి మాటలతో చెవులు తినేసేది. ఆ పది రోజులూ మాత్రం నోరు కట్టేసినట్టుంది. పిట్ట అది వయసు మీదపడిన అలసట అనుకుంది.

పదకొండోరోజు ఆదివారం. పిట్ట భోజనాల బల్ల మీద పటం పరిచి, తిరిగిన వీధులన్నీ ఎర్ర పెన్సిలుతో కొట్టేస్తోంది. అత్త టీ తెచ్చి పక్కన పెట్టి, వంగి చూసింది. పటమంతా ఎర్రగా ఉంది. ఒక్క సందు మాత్రం తెల్లగా మిగిలింది.

"ఇందులోకి వెళ్ళలేదే?"

పిట్ట పెన్సిలు మొన వైపు చూస్తూ కూర్చుంది.

"నిన్నే. ఈ సందెందుకు వదిలేశావ్?"

"అక్కడ కత్తెరత్త దుకాణం ఉంది కదా," అంది పిట్ట నెమ్మదిగా. "నేను వెళ్తే నీకు బాగుండదని. మొక్కల జాబితా రాసినప్పుడూ అటు పోలేదు."

కత్తెరత్త అంటే అత్తతో కలిసి పాతికేళ్ళు కుట్టుదుకాణం నడిపిన స్నేహితురాలు. బట్ట కత్తిరించడం ఆవిడ పని, కుట్టడం ఈవిడ పని. చుట్టరికం లేకపోయినా ఇద్దరూ ఒకరినొకరు 'వదినా' అనుకునేవారు. పిట్ట చిన్నప్పటి గౌన్లన్నీ ఆ దుకాణంలో మిగిలిన ముక్కలతో తయారైనవే. పిట్ట పై ఊళ్ళో చదువుకునే రోజుల్లో వాళ్ళిద్దరికీ ఏదో తేడా వచ్చింది. ఏమొచ్చిందో అత్త చెప్పలేదు. పదకొండేళ్ళు అయింది. ఆ సందు పేరు ఇంట్లో ఎవరూ ఎత్తరు.

అత్త కుర్చీ లాక్కుని కూలబడింది.

"అక్కడే ఉందే."

"ఏంటి?"

"నీ తీగ. నువ్వు బొమ్మ చూపించిన రోజే నాకు తెలుసు. ఎవరో గౌను కుట్టించుకోవడానికొచ్చినావిడ కొమ్మ ఇస్తే నేనే తెచ్చి దుకాణం ముందు రేకు డబ్బాలో గుచ్చాను. నువ్వప్పుడు లేవు. బొత్తాల తీగ అనేవాళ్ళం, మొగ్గలు బొత్తాల్లా ఉంటాయని."

పిట్ట పెన్సిలు బల్ల మీద పెట్టింది. "పది రోజులత్తా! వానలో పది రోజులు తిరిగాను. ఈ పది రోజుల్లో ఇంకో నలభై పిల్లలు పోయాయి నాకు."

అనేశాక నాలుక కరుచుకుంది. తీగ దొరికినంత మాత్రాన ఆ నలభైలో ఒక్కటి కూడా బతికేది కాదు. ఆ సంగతి తనకి తెలుసు, అత్తకి తెలీదు. అత్త మొహం పాలిపోయింది.

"అలా కాదత్తా. వాటికీ దీనికీ సంబంధం లేదు. కోపంలో అన్నా."

"అను. అనాల్సిందే," అంది అత్త. "రోజూ నీ తల తుడుస్తూ, ఇవాళ చెప్పేద్దాం అనుకునేదాన్ని. చెబితే నువ్వెళ్తావు. వెళ్తే అది నిన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చి, మీ అత్త ఎలా ఉందని అడుగుతుంది. అదడుగుతుందని తెలిసే నోరు పెగల్లేదు."

"ఏమైంది అసలు మీకు?"

అత్త టీ కప్పు మీద చేయి మూతలా పెట్టుకుని చెప్పింది.

"నా కళ్ళకి పొర కమ్ముతోందని నాకే తెలీలేదు. లైటు చాలట్లేదనుకున్నా. బల్బు మార్పించా, మిషను కిటికీ దగ్గరికి జరిపించా. కుట్లు వంకర పోతున్నాయి, నాకు కనపడట్లేదు. దానికి కనపడింది. ఏం చేసిందో తెలుసా? పొద్దున్నే నాకంటే గంట ముందొచ్చి, ముందురోజు నేను కుట్టినవన్నీ విప్పేసి, మళ్ళీ కుట్టి, మడతపెట్టి, ఏమీ ఎరగనట్టు కూర్చునేది. ఏడాదిపాటు! ఒకరోజు నాకు నిద్ర పట్టక పెందలాడే వెళ్ళా. షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల అది వెలుగుకేసి ఎత్తి పట్టుకుని నా కుట్టు విప్పుతోంది. బళ్ళో పిల్లల యూనిఫాం. ఒక్కొక్క కుట్టూ, ఓపిగ్గా. పక్కన కుప్ప. అన్నీ నావే."

"ఏమన్నావ్?"

"ఏమంటాను? తాళంచెవి బల్ల మీద పెట్టి వచ్చేశా. అది మూడుసార్లు ఇంటికొచ్చింది, నేను తలుపు తియ్యలేదు. తర్వాత నువ్వే లాక్కెళ్ళి ఆపరేషన్ చేయించావు, చూపొచ్చింది. అప్పుడు వెళ్ళాల్సింది. ఏం మొహం పెట్టుకుని వెళ్ళను? అది నాకు చేసింది ఉపకారమని అప్పటికి తెలుసు నాకు. తెలిశాక వెళ్ళడం ఇంకా కష్టమే."

పిట్ట లేచి అత్త వెనక్కి వెళ్ళి, ఆవిడ భుజాల మీదుగా చేతులు వేసి, తలమీద గడ్డం ఆనించింది.

"రేపు నాతో వస్తావా?" అంది పిట్ట.

"నువ్వెళ్ళి చూసుకో."

"నాకు కొత్తవాళ్ళతో మాట్లాడ్డం రాదు కదా."

"అది నీకు కొత్తదేంటే? నీ గౌన్లన్నీ కత్తిరించింది."

"అయితే నీకూ కొత్త కాదుగా."

అత్త విసుక్కుంది. కానీ మర్నాడు పొద్దున పిట్ట లేచేసరికి ఆవిడ తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, చెప్పులు వేసుకుని వరండాలో కూర్చుని ఉంది.

సందు మొదట్లో అత్త నడక నెమ్మదించింది. చివరి మలుపులో ఆగిపోయింది. దుకాణం షట్టరు ఎత్తి ఉంది. దాని పక్కనుంచి రెండో అంతస్తు కిటికీ దాకా, నీళ్ళ గొట్టాన్ని కరుచుకుని, ఆకుపచ్చటి తెరలా తీగ పాకిపోయి ఉంది. రేకు డబ్బా అడుగు ఎప్పుడో తుప్పుపట్టి ఊడిపోయింది, వేళ్ళు నేలలోకి దిగిపోయాయి. ఆకుల చాటున తెల్లటి పూలు, లెక్కలేనన్ని. ఒక పువ్వు గొంతులోంచి చిన్న ఈగ ఒకటి వెనక్కి వెనక్కి జరుగుతూ బయటికొచ్చింది. దాని వీపు మీద నీలం చుక్క.

"అత్తా, నాది!" అంది పిట్ట. గట్టిగానే అంది.

ఆ కేకకే లోపలినుంచి మెడలో టేపు వేలాడేసుకున్న పొట్టిమనిషి బయటికొచ్చింది. ముందు పిట్టను చూసింది. తర్వాత పిట్ట వెనక ఉన్న మనిషిని చూసింది. చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది.

"కళ్ళు బాగయ్యాయా వదినా?" అంది.

"ఆ. ఆపరేషన్ చేశారు. పదేళ్ళయింది."

"మంచిది. అయితే నేనెంత ముసలిదాన్నయ్యానో కనిపించేస్తోందన్నమాట."

"నువ్వు మొదటినుంచీ అంతేగా," అంది అత్త. అని కింద పెదవి గట్టిగా పళ్ళతో పట్టుకుంది.

లోపల గదిలో ఏమీ మారలేదు. కత్తిరింపు బల్ల, గోడకు దారాల చట్రం, కిటికీ పక్కన ముసుగు కప్పిన మిషను. అత్త వెళ్ళి ముసుగు ఎత్తింది. చక్రం మీద వేలు వేసి తిప్పితే చప్పుడు లేకుండా తిరిగింది.

"వారానికోసారి నూనె వేస్తున్నా. తుప్పు పడుతుందని," అంది కత్తెరత్త, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు.

అత్త చక్రం తిప్పుతూనే ఉంది. "నాకు చెప్పాల్సింది," అంది మిషనుతోనే మాట్లాడుతున్నట్టు.

"చెబితే మానేస్తావని భయపడ్డా."

"చెప్పకపోయినా మానేశాగా."

కత్తెరత్తకు నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఏడుపైంది. టేపు కొసతో కళ్ళు తుడుచుకుంటుంటే, "ఛీ, దాంతోనా!" అని అత్త తన చేతిరుమాలు విసిరింది. పిట్ట ఇక అక్కడ ఉండకుండా బయటికొచ్చి పూలు చూస్తూ నిలబడింది. కాసేపటికి లోపలినుంచి రెండు గొంతులూ ఒకేసారి మాట్లాడ్డం వినిపించింది.

టీ తాగుతూ పిట్ట తన సంగతి చెప్పింది. పిల్లల్ని కాపాడుతున్న బాక్టీరియా ఆ పువ్వులోనే పుడుతోందా, లేక ఈగలే మోసుకొచ్చి అందులో వదులుతున్నాయా? అది తేలాలంటే కొన్ని మొగ్గలు విచ్చకముందే వాటికి సంచులు కట్టాలి. గాలి ఆడాలి, ఈగ దూరకూడదు. ఆఫీసులో ఉన్న సంచులు మామిడికాయకు సరిపడేంత ఉన్నాయి. చిన్నవి తెప్పించడానికి మూడు వారాలు పడుతుంది. అప్పటికి పూత అయిపోతుంది.

"ఎంత ఉండాలి?" అంది కత్తెరత్త, అప్పటికే టేపు విప్పుతూ.

"నా బొటనవేలంత. అరవై కావాలి."

"మెడకి లాగుడుతాడు పెట్టాలా?"

"పెట్టాలి. లేకపోతే కాడ నలుగుతుంది."

కత్తెరత్త పెట్టె అడుగునుంచి సన్నటి వలగుడ్డ తీసింది. కత్తెర కరకరలాడింది. అత్త మిషను ముందు కూర్చుంది. మొదటి నాలుగు సంచులు చేతిలోకి తీసుకుని కత్తెరత్త వెలుగుకేసి చూసింది. పిట్ట ఊపిరి బిగబట్టింది.

"ఇది వంకరగా ఉంది వదినా. విప్పు."

"ఏదీ?" అత్త కళ్ళజోడు సర్దుకుని చూసింది. "అవునే. వంకరే." అని పిన్నీసు తీసుకుని కుట్టు విప్పుతూ కూర్చుంది. ఆవిడ మొహంలో అంత తృప్తి పిట్ట ఎప్పుడూ చూడలేదు. తర్వాత ఇంకో రెండు సంచులు చూపించి, ఇవి బాగున్నాయా, నిజం చెప్పు, బాగున్నాయా అని పిల్లలా అడిగింది.

సంచులు కట్టడానికి స్టూలెక్కినప్పుడు కత్తెరత్త కింద దూరంగా నిలబడి, "అమ్మో, కుడతాయేమో," అంది.

"మనమూ కుట్టేవాళ్ళమే," అంది అత్త స్టూలు పట్టుకుని. "ఒకే వృత్తివాళ్ళని ఏం చేస్తాయి?"

నిజానికి అవి పట్టి నలిపితే తప్ప కుట్టవు. పిట్ట ఆ మాట చెప్పబోయి, వాళ్ళ నవ్వు చూసి మానేసింది.

వారం రోజులు ఈ ముగ్గురూ మొగ్గలకి సంచులు కట్టారు, విచ్చినవి గుర్తులు పెట్టి కోశారు. పిట్ట వాటి గొంతుల్లోంచి మకరందం సన్నటి గాజు గొట్టంలోకి లాగి, గాజు పళ్ళేల్లో పరిచింది. రెండోరోజు పొద్దున్న పళ్ళేలు తెరిచి చూసి, కుర్చీలో వెనక్కి వాలింది. ఈగలు వాలిన పూల పళ్ళేల నిండా ముత్యాల్లాంటి చుక్కలు. సంచుల్లో విచ్చిన పూల పళ్ళేలు కడిగినట్టు ఖాళీగా ఉన్నాయి.

ఆమె కొంచెం డీలాపడింది. పువ్వే మందు తయారుచేస్తోందని లోలోపల నమ్మేసింది మరి. ఆ నమ్మకంతో సగం వ్యాసం మనసులో రాసేసుకుంది కూడా. ఇప్పుడు అదంతా కొట్టేయాలి. కొట్టేసి మొదటినుంచి ఆలోచిస్తే ఒక ప్రశ్న మిగిలింది. ఈగలే మోసుకొస్తుంటే, మిగతా పూల పుప్పొడిలో ఆ బాక్టీరియా ఎందుకు లేదు? వాన పడుతుంటే గొడుగేసుకుని తీగ కింద ఒక మధ్యాహ్నమంతా నిలబడింది. చుట్టుపక్కల పూలన్నీ ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉన్నాయి, చినుకు పడితే చాలు, లోపలున్నదంతా కొట్టుకుపోతోంది. ఈ తీగ పూలు మాత్రం ఆకు కింద పక్కకి తిరిగి ఉన్నాయి. లోతైన గొంతు, లోపల చిక్కటి మకరందం, తడి తగలదు. ఒక ఈగ వదిలింది తర్వాతి ఈగ వచ్చేదాకా అందులో భద్రంగా ఉంటోంది.

ఆ సాయంత్రం దుకాణంలో ఈ మాట చెబితే కత్తెరత్త మొహం చిన్నబుచ్చుకుంది. "అయితే మా తీగ గొప్పేం లేదంటావు."

"ఎందుకు లేదు? ఆ ఇచ్చిపుచ్చుకోవడం జరగడానికి వేరే చోటు లేదు ఇక్కడ. నువ్వు దీన్ని కొట్టేయించి ఉంటే ఈ ఏడు నాకు పిల్లలు మిగిలేవి కావు."

"కొట్టేయమని పైవాటా వాళ్ళు ఎన్నిసార్లు అన్నారో! కిటికీకి అడ్డమని," అంది కత్తెరత్త. "మా వదిన పెట్టింది, ఆవిడొచ్చి కొట్టమంటేనే కొడతానన్నా."

అత్త కుట్టిన సంచుల్లో మిగిలినవి లెక్కగా దొంతర పెడుతూ, పెట్టినవే మళ్ళీ పెట్టింది.

పిట్ట ఆ బాక్టీరియాను పెంచి, అరవై పసుపుపచ్చ పుప్పొడి ముద్దల్లో సగం వాటికి చుక్కచొప్పున వేసి, సగం వాటిని అలాగే వదిలి, తేమగదిలో పిల్లపురుగుల్ని పెంచింది. వేసిన ముప్ఫైలో ఇరవై ఆరు పట్టుగూడు కట్టుకున్నాయి. వేయని ముప్ఫైలో పదకొండు. ఒక్క డాబా, ఒక్క ఏడాది. ఇదే ఆఖరి మాట అనడానికి లేదని వ్యాసంలో ఆమే రాసింది. తీగ దొరికిన చోటు రాసేటప్పుడు, మొక్కను పెంచుతున్న ఇద్దరు దర్జీలకు కృతజ్ఞతలని ఒక వాక్యం చేర్చింది. అత్త ఆ కాగితం మీద ఆ ఒక్క వాక్యం చదివించుకుని, "ఇద్దరు అని బాగా రాశావ్," అంది.

చలికాలమంతా పట్టుగూళ్ళు చల్లటి అరలో నిద్రపోయాయి. ఎండలు మొదలయ్యాక పిట్ట వాటిని డాబా మీద చట్రంలో పెట్టింది. నాలుగోరోజు పొద్దున ఒక గొట్టం మూతి దగ్గర మట్టి కదిలింది. వెంటనే ఫోను చేసింది. అత్త ఆ వేళకి దుకాణంలోనే ఉంది. ఈమధ్య రోజూ అక్కడే.

మూడంతస్తులు ఎక్కడానికి వాళ్ళకి ఇరవై నిమిషాలు పట్టింది. ప్రతి మలుపులోనూ ఆగి, నీ మోకాలా నా మోకాలా అని వాదించుకుంటూ ఎక్కారు. వాళ్ళు డాబా మీదికొచ్చేసరికి మొదటి ఈగ ఎగిరిపోయింది.

"చూడలేకపోయామే!" అని నొచ్చుకుంది కత్తెరత్త.

"ఆగండి. దాని వెనకది తోసుకొస్తోంది," అంది పిట్ట.

ముగ్గురూ చట్రం ముందు ముక్కాలిపీటల మీద కూర్చున్నారు. గొట్టంలో మట్టిగోడ కొద్దికొద్దిగా రాలింది. చీకట్లోంచి ముందు రెండు మీసాలు, తర్వాత నుదుటి మీద తెల్లటి నూగుతో చిన్న మొహం బయటికొచ్చింది. వెలుగు చూసి కాసేపు అక్కడే ఆగింది. ముందుకాళ్ళతో కళ్ళు తుడుచుకుంది, మీసాలు దువ్వుకుంది.

"ఎంత ముద్దుగా ఉందో," అంది అత్త గుసగుసగా. "పేరు పెట్టావా?"

"వందదాకా ఉన్నాయత్తా."

"ఉంటే?"

ఈగ గొట్టం అంచు మీదికి పూర్తిగా ఎక్కి, తడి రెక్కలు విప్పుకుని ఎండలో ఆరబెట్టుకోసాగింది. ఎవరూ కదల్లేదు. కత్తెరత్త చెయ్యి అత్త ఒళ్ళో ఉంది. ఎప్పుడు పెట్టిందో ఇద్దరిలో ఎవరూ గమనించినట్టు లేదు. రెక్కలు ఆరాక అది ఒక్కసారి సన్నగా మోగి, పిట్టగోడ మీదుగా ఎగిరిపోయింది.

"ఎటెళ్ళింది?" అంది కత్తెరత్త లేవబోతూ.

"కూర్చో వదినా," అంది అత్త. "ఇంకోటి వస్తోంది."